కాలనీ సంక్షేమ సంఘం, నల్లగొండ: 2025–26 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మురుగు కాలువల పూడిక తీయించాం, పార్కు బోరు మోటారు బాగు చేయించాం, సద్దుల బతుకమ్మ ఎప్పటిలాగే కలిసి ఆడుకున్నాం. జమాఖర్చులు నోటీసు బోర్డు మీద ఉన్నాయి, అడగాల్సినవి అడగండి. మిగతా చోటంతా జొన్న అనే కుక్కకే ఇస్తున్నాను. ఇంతమందిమి కలిసి చేసిన పని ఈ ఏడాది ఇంకోటి లేదు.

ఆషాఢం వానల్లో పానగల్లు రోడ్డు కల్వర్టు కింద దొరికిందది. మెడకున్న ప్లాస్టిక్ తాడు చర్మంలోకి దిగిపోయింది. పశువుల డాక్టర్ తాడు కోసి, కట్టు కట్టి, పుండు మానేదాకా ఎవరింట్లోనైనా ఉంచమన్నారు. మూడో లైను టీచరమ్మ నేనుంచుకుంటానన్నారు. రొట్టె రంగు ఒళ్లు చూసి పిల్లలు జొన్న అని పేరు పెట్టారు.

నాలుగు రోజులు అది మంచం కిందే ఉంది. స్టీలు గిన్నె చప్పుడుకే వణికేది, అందుకని టీచరమ్మ మట్టి మూకుడుకు మార్చారు. ఉప్పు, ఉల్లిగడ్డ లేకుండా ఉడికించిన కోడి, అన్నం పెట్టి ఆమె గది దాటితేనే తినేది. ఉల్లిగడ్డ కుక్కలకు విషం, గుర్తుంచుకోండి. రోజూ సాయంత్రం దానికి పక్కగా తిరిగి కూర్చుని, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, పేపరు పైకి చదివేవారు. పిలవలేదు, కళ్లలోకి చూడలేదు, చెయ్యి చాపలేదు. పదకొండో రోజు మోచేతికి తడి ముక్కు తగిలింది. ఆమె కదలకుండా చదువుతూనే ఉన్నారు. "అప్పుడు తల నిమిరితే మళ్లీ మంచం కిందికే పోయేది" అని మీటింగులో చెప్తూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

ఆ సంతోషంలో కమిటీవాళ్లం ఆరుగురం ఒకేసారి చూడ్డానికి పోయాం. జొన్న మూలకు నక్కి ఉచ్చ పోసుకుంది. రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ తప్పు పూర్తిగా మాది. తర్వాతే డాక్టర్‌ని అడిగి తెలుసుకున్నాం: తోక కాళ్ల మధ్యకు పోవడం, మాటిమాటికీ మూతి నాక్కోవడం, నిద్ర లేకున్నా ఆవలించడం, కంటి తెలుపు కనబడేలా ఓరగా చూడడం, ఇవన్నీ భయం గుర్తులు. అవి కనిపిస్తే మనమే వెనక్కి జరగాలి. ఇప్పుడు మన పిల్లలు వీటిని పెద్దల కంటే బాగా చెప్తారు. కర్ర చూస్తే దానికి భయమని వాచ్‌మన్ తన కర్రను గేటు దగ్గరే వదిలి వెళ్లేవాడు. ఎవరూ చెప్పకుండానే చేసిన పని అది.

దీపావళి రాత్రి టపాకాయలకు బెదిరి మెడపట్టీలోంచి తల లాక్కుని పారిపోయింది. తెల్లారేదాకా వెతికాం. రెండో రోజు వాటర్ ట్యాంకు కింద కనిపించింది, ఎవరు పిలిచినా రాలేదు. టీచరమ్మ అక్కడే నేల మీద పక్కకు తిరిగి కూర్చుని పేపరు తీశారు. సగం పేజీ కూడా కాలేదు, వచ్చి ఒళ్లో మూతి పెట్టింది. అప్పటి నుంచి ఛాతీకి వేసే పట్టీ, దానికో తాడు, మెడపట్టీకో తాడు.

రేబిస్ టీకా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయ్యాయి. టీచరమ్మ దాన్ని తనే ఉంచుకుంటున్నారు.

వీధికుక్కల మీద కొందరు సభ్యుల కోపం న్యాయమైనదే, కరిస్తే ప్రాణాల మీదికి వస్తుంది. కరిచిన వెంటనే పదిహేను నిమిషాలు సబ్బు, నీళ్లతో కడిగి అదే రోజు ఇంజెక్షన్ మొదలుపెట్టాలి. 2023 జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం తిండి పెట్టే చోటు, వేళ చూడాల్సింది నివాసుల సంఘమే. పిల్లలు ఆడుకునే చోటుకు, మెట్లకు, గేట్లకు దూరంగా పార్కు వెనక గోడ దగ్గర ఆ చోటు పెట్టాం. దయచేసి ఇంటి ముందు పెట్టకండి.

వాచ్‌మన్ గదిలో ఇంకో కుక్క ఉంది, మనిషి అలికిడికే గోడకు అతుక్కుపోతోంది. దానికో ఇల్లు కావాలి. ఇవ్వగలిగినవాళ్లు ఆదివారం లోపు కార్యదర్శికి చెప్పండి. తిండి, మందుల ఖర్చు సంఘానిది. మొదటి రెండు వారాలు చూడ్డానికి కమిటీ నుంచి ఎవ్వరం రాము.