కడప ఉక్కు: మూడో లెక్క కూడా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

జమ్మలమడుగు చుట్టుపక్కల ఉక్కు ఫ్యాక్టరీ కోసం 2007లో బ్రహ్మణి పేరుతో, 2018లో కంబాలదిన్నెలో, 2019లో సున్నపురాళ్లపల్లెలో, మళ్లీ 2023లో అదే ఊళ్లో జేఎస్‌డబ్ల్యూ పేరుతో కొబ్బరికాయలు కొట్టారు. శిలాఫలకాలకైతే కొదవ లేదు! ప్రతిసారీ వేదిక మీద వినబడినవి రెండే లెక్కలు: ఎన్ని వేల కోట్లు, ఎన్ని వేల ఉద్యోగాలు. మూడో లెక్క, అంటే అసలు లోపల ఏ యూనిట్లు పెడతారన్నది, మనమూ గట్టిగా అడగలేదు.

ఈ రోజుల్లో ఉక్కు కంపెనీ ఉక్కు ఒక్కటే అమ్ముకుని బతకదు. జేఎస్‌డబ్ల్యూ గ్రూపుకే విద్యుత్తు, పోర్టులు, సిమెంటు, రంగుల వ్యాపారాలున్నాయి. ఒకచోట మిగిలింది ఇంకోచోట ముడిసరుకు. ఇనుప ఖనిజాన్ని కోక్ బొగ్గుతో కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్‌లో టన్ను ఇనుము తీస్తే సుమారు 300 నుంచి 400 కిలోల స్లాగ్ అనే మడ్డి పడుతుంది. ఎర్రగా కారే ఆ మడ్డి మీద నీళ్లు చిమ్మితే ఇసుకలా రవ్వరవ్వగా విరుగుతుంది. దాన్ని పొడి చేసి క్లింకర్‌తో (సున్నపురాయి కాల్చి చేసే సిమెంటు గడ్డల పొడితో) కలిపితే స్లాగ్ సిమెంటు. కొలిమి గ్యాసుతో కరెంటు తీయొచ్చు. బళ్లారి జిల్లా తోరణగల్లులో ఆ గ్రూపు ఉక్కు ఫ్యాక్టరీ పక్కనే సిమెంటు యూనిట్ కూడా ఉంది. నంద్యాల జిల్లా బిలకలగూడూరులోనూ వాళ్లదే సిమెంటు ఫ్యాక్టరీ.

మనకు ఎర్రగుంట్ల, చిలంకూరు వైపు సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఎప్పటి నుంచో ఉన్నాయి. స్లాగ్ వస్తే కొనేవాళ్లు గుమ్మం ముందే ఉన్నట్టు. అయితే ఇదంతా బ్లాస్ట్ ఫర్నేస్ పెడితేనే. తుక్కు కరిగించే ఎలక్ట్రిక్ ఫర్నేస్ అయితే ఈ లెక్క మారిపోతుంది, పైగా కరెంటు బాగా తాగుతుంది. బయటి నుంచి బిల్లెట్లు (ఉక్కు దిమ్మెలు) తెచ్చి కడ్డీలు సాగదీసే రోలింగ్ మిల్లుతో సరిపెడితే ఉద్యోగాలూ ఆ మేరకే ఉంటాయి. మూడింటినీ ‘ఉక్కు ఫ్యాక్టరీ’ అనే అంటారు కాబట్టే నా టెన్షన్.

మా వీధిలో ఐటీఐ ఫిట్టర్ చదివిన పిల్లోడు తోరణగల్లులో కాంట్రాక్టు పని చేస్తూ పండగకు మాత్రం ఇంటికొస్తాడు. ఇక్కడి ఐటీఐల్లో ఏ ట్రేడులు పెంచాలో తేల్చాలన్నా ముందు ఏ ఫర్నేస్ వస్తుందో తెలియాలి కదా.

ఏ దశలో ఏ యూనిట్ వస్తుంది, గండికోట నీళ్లు ఎన్ని వాడతారు, అనుబంధంగా సిమెంటు, విద్యుత్తు యూనిట్లు ఉంటాయా లేదా అన్నది తెలుగులో అచ్చు వేయించి జమ్మలమడుగు మండల కార్యాలయంలో అందరికీ కనబడేలా పెట్టించాలని కలెక్టర్ గారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, జమ్మలమడుగు