కొత్తపల్లి అని వెతికితే వేరుశనగ ధర వచ్చింది

సంపాదకుడుగారికి,

మా ఇంటిపేరు కొత్తపల్లి. మా తాతయ్య పద్యాలు నాలుగు ఏదో పత్రికలో పడ్డాయని నాయనమ్మ చెబుతుండేది. ఎప్పుడే అంటే, "శ్రీముఖలో, మీ పెద్దత్త పుట్టిన ఏడు" అనేది. అంటే 1933 ఉగాది నుంచి మరుసటి ఉగాది దాకా. ఏ పత్రికో ఆవిడకు గుర్తులేదు. రిటైరయ్యాక, పోయిన ఏడాది ఆ పద్యాల కోసం కూర్చున్నాను.

నెట్‌లో పెట్టిన పాత సంచికలు చాలావరకు ఉత్త ఫొటోలే. అక్షరాలు మన కంటికి కనిపిస్తాయి గానీ కంప్యూటరుకు అందవు. ఒకచోట మాత్రం వెతికే వీలుంది. కొత్తపల్లి అని కొడితే తాతయ్య తప్ప అన్నీ వచ్చాయి. కొత్తపల్లిలో పశువుల సంత, కొత్తపల్లి కరణం మీద ఫిర్యాదు, వేలానికొచ్చిన పొలం హద్దులు. ఆ పేరున్న ఊళ్ళు మనకు తక్కువా! ఒక పేజీలో దొరికిందని సంబరపడి తెరిస్తే, బజారు ధరల్లో "కొత్త పల్లీ" అని ఉంది.

ఇంటిపేరు కలిస్తే చుట్టాలేమోనని ఆరా తీయడం మనకు అలవాటు. తెలుగు సాహిత్యం మీద ఇంగ్లీషు ప్రభావాన్ని పరిశోధించిన కొత్తపల్లి వీరభద్రరావుగారు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన జస్టిస్ కొత్తపల్లి పున్నయ్యగారు, ఓరుగల్లు గడ్డ మీద పుట్టిన ప్రొఫెసర్ కొత్తపల్లి జయశంకర్‌గారు. నాకు తెలిసి వీళ్ళ మధ్య బీరకాయపీచు చుట్టరికం కూడా లేదు. ఇంగ్లీషు పేపర్లకు వెళితే ఇంటిపేరు కాస్తా ఒక్క పొడి అక్షరమైపోతుంది. అక్కడ టంగుటూరివారు "టి", భోగరాజువారు "బి". ఇక మా "కె" వెంటపడితే కందుకూరివారూ కాశీనాథునివారూ అందరూ అందులోనే.

ఆడవాళ్ళ సంగతి మరీ కష్టం. బండారు అచ్చమాంబగారు కొమర్రాజు లక్ష్మణరావుగారికి సొంత అక్క. కొమర్రాజు అని ఎంత వెతికినా ఆమె తగలదు. ఆమె పేరున్న రచయిత్రి కాబట్టి ఈ సంగతి మనకు తెలిసింది. మా పెద్దత్త ఎప్పుడైనా 'గృహలక్ష్మి' పత్రికకు ఉత్తరం రాసి ఉంటే నేను పుట్టింటిపేరుతో వెతకాలా, అత్తింటిపేరుతోనా?

చివరికి ఒక గ్రంథాలయానికి వెళ్ళాను. బైండు చేసిన సంపుటం తెరిస్తే పేజీల అంచులు అప్పడంలా విరిగి ఒళ్ళో రాలాయి. మూడో రోజు ఒక పద్యం కింద "కొ. వెం." అని కనిపించింది. మా తాతయ్యో, మరే కొమ్మూరివారో, కొడవటిగంటివారో తేలక ఫొటో తీసుకుని వచ్చేశాను.

స్కాన్ చేయడం మంచిదే, కాదనను. కానీ అక్కడితో పని అయిపోయిందనుకుంటే ఎలా? కావలసింది మనుషులు కూర్చుని చదివి రాసిన పేర్ల సూచిక. రచయిత ఇంటిపేరు ఒక గడిలో, ఊరిపేరు వేరే గడిలో. తెలిస్తే పుట్టింటిపేరు కూడా. సంవత్సరం పేరు శ్రీముఖ అని ఉంటే పక్కన 1933 అని వేయాలి. కొత్తపల్లి, కొత్తపల్లె రెండూ ఒకచోట రావాలి. రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో తెలుగు ఎం.ఏ. పిల్లలకు ఒక్కొక్కరికి ఒక్కో సంపుటం ప్రాజెక్టుగా ఇస్తే చాలావరకు జరిగిపోయే పని ఇది. వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం లాంటి చోట్ల పాత పత్రికలను ఇన్నేళ్ళు కాపాడుకొచ్చారు. వాళ్ళకు ఈ పనికి నలుగురు మనుషుల జీతం ఇవ్వడం ప్రభుత్వాలకు భారమేమీ కాదు.

మీ ఆఫీసులో కూడా పాత సంచికల గది ఉండే ఉంటుంది. అక్కడ మొదలుపెడతామంటే వారానికి రెండు రోజులు వచ్చి పేర్లు రాసిపెట్టడానికి నేను రెడీ. కళ్ళజోడు, టిఫిను నావే.

ఇట్లు,
ఒక పాఠకుడు, తణుకు