కారులో ఈల కూత వదిలించిన ఇద్దరు పెద్దమనుషులకు కృతజ్ఞతలు

నా కారు స్పీకర్లలో ఇంజన్‌తో పోటీపడి ఈల వేస్తున్న కూతను వదిలించిన ఇద్దరికి నలుగురిలో కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. ఒకరు గుంటూరు అరండల్‌పేటలో ఉంటున్న రిటైర్డ్ సౌండ్ టెక్నీషియన్. రెండోవారు విజయవాడ ఆటోనగర్‌లో సెల్ఫ్, డైనమో పనులు చేసే మేస్త్రీగారు. పేర్లు రాయవద్దని ఇద్దరూ గట్టిగా చెప్పారు. రాస్తే ఇక ఫోను మోగుతూనే ఉంటుందని పెద్దాయన భయం. మేస్త్రీగారైతే ఇదీ ఒక పనేనా అన్నారు.

డిక్కీలో యాంప్లిఫయర్, ఊఫర్ పెట్టించినప్పటి నుంచీ ఉంది ఈ పీడ. బండి స్టార్ట్ చేయగానే సన్నగా మొదలై, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ స్థాయి పెంచుకుంటూ పోయేది. సినిమా పాటల హోరులో పెద్దగా తెలియదు. నేను వినేవేమో ఎక్కువగా కచేరీలు. ఆలాపనకు ముందు తంబురా మోగుతుంటే ఆ శృతి ఒక దారి, ఈ ఈల ఇంకో దారి. కనకదుర్గ వారధి మీద వేగం పెంచితే ఇక వినలేం. అడిగినచోటల్లా ఒక్కో మందు చెప్పారు: ఫిల్టర్ వేయమని ఒకరు, పాటల సెట్టే మార్చేయమని మరొకరు, డైనమో పోయిందని ఇంకొకరు. అన్నీ వేల రూపాయల మాటలే.

స్నేహితుడి ద్వారా పరిచయమైన పెద్దాయన ఫోనులో మొట్టమొదట అడిగింది ఒక్కటే: "వాల్యూమ్ సున్నాకు తెస్తే ఈల తగ్గుతోందా బాబూ?" తగ్గడం లేదన్నాను. "అయితే అది వాల్యూమ్ దాటిన తరువాతే చేరుతోంది. సెట్ మార్చే ఆలోచన మానుకో" అన్నారు. కొత్త సెట్ ఖర్చు ఆ ఒక్క ప్రశ్నతో తప్పింది.

ఆ తరువాత ఆయన నాతో చేయించిన పరీక్ష ఇది. రెండు ఆర్‌సీఏ పిన్నులు (సెట్ నుంచి యాంప్లిఫయర్‌కు పాట మోసే వైర్ల చివర ఉండేవి) తీసుకుని, ఒక్కోదానిలో మధ్య పుల్లనూ బయటి రింగునూ కలిపి టంకం వేయించాను. అన్నీ ఆపేసి, సెట్ నుంచి వచ్చే వైర్లు యాంప్ దగ్గర పీకి, వాటి స్థానంలో ఈ పిన్నులు గుచ్చి, బండి స్టార్ట్ చేశాను. నిశ్శబ్దం. అంటే యాంప్ మంచిదే, దానికి వచ్చే కరెంటు లైనూ మంచిదే. ఈల వస్తున్నది ఆర్‌సీఏ వైర్ల దారిలో. ఈ పిన్నులు యాంప్ ఇన్‌పుట్‌లోనే పెట్టాలి, సెట్ అవుట్‌పుట్‌కు ఎప్పుడూ పెట్టకూడదని ఆయన మరీమరీ చెప్పారు, నేనూ చెబుతున్నాను. తరువాత చార్జింగ్‌లో లేని, అంటే కారు కరెంటుతో సంబంధం లేని ఫోనును నేరుగా యాంప్‌కు కలిపి పాట పెట్టించారు. అప్పుడూ ఈల లేదు. "ఎర్త్ చూపించు, మేస్త్రీ ఎవరైనా ఉన్నారా?" అన్నారు. ఎర్త్ అంటే కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్ళే దారి.

ఆటోనగర్ మేస్త్రీగారు ముందు డైనమో సంగతి తేల్చారు. బండి నడుస్తుండగా మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి బ్యాటరీకి తగిలించారు. డయోడ్లు బాగుంటే సాధారణంగా 0.1 వోల్టు లోపే చూపిస్తుందట. అర వోల్టు దాకా వస్తే డయోడ్ అనుమానించాలట. నాది శుభ్రంగా ఉంది. డైనమోలో పుట్టేది ఏసీ కరెంటే. డయోడ్లు దాన్ని డీసీగా మార్చినా కొద్దిగా అలలు మిగులుతాయి. ఆరు జతల ధ్రువాలున్న డైనమో నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే ఆ అలలు సెకనుకు 1,200. సరిగ్గా చెవికి గుచ్చుకునే స్థాయి. ఇంజన్ వేగం పెరిగితే ఈల ఎందుకు పైకి పోతుందో అప్పుడు అర్థమైంది.

తరువాత డిక్కీ తెరిచారు. యాంప్ ఎర్త్ వైరును వెనుక సీటు బెల్టు బోల్టుకు బిగించి ఉంది. దాన్ని చూసి మేస్త్రీగారు నవ్వలేదు, కోప్పడ్డారు. ఆ బోల్టు మరల్లో వదులు కాకుండా జిగురు ఉంటుంది, చుట్టూ రంగు ఉంటుంది, కరెంటు సరిగా పారదు. పైగా ప్రాణం కాపాడే బోల్టును ఎవరైనా కదిలిస్తారా అని. లైట్లు, ఏసీ వేసి, యాంప్ ఎర్త్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య మీటరు పెడితే దాదాపు 300 మిల్లీవోల్టులు. సెట్ ఎర్త్ వేరే చోట ఉంది. ఈ తేడాను సర్దుకోవడానికి కరెంటు ఆర్‌సీఏ వైరు పైపొర గుండా పారుతోంది, డైనమో అలలను వెంటబెట్టుకుని. ఫోనులో వింటున్న పెద్దాయన అన్న మాట ఇక్కడ రాయాలి: "బాడీ అంతా ఒకటే ఎర్త్ అనుకుంటారు. కాలువలో నీరంతా ఒకటే కదా అని ఎగువా దిగువా మట్టం ఒకటే అనుకున్నట్టు."

మేస్త్రీగారు కింద పెట్రోలు ట్యాంకు గానీ పైపు గానీ లేదని పడుకుని చూసుకున్నాకే డిక్కీ రేకుకు రంధ్రం వేశారు. ఉప్పు కాగితంతో రంగంతా గీకి రేకు తళతళలాడేలా చేసి, మందపాటి రాగి వైరు చివర లగ్గు (బోల్టుకు బిగించే రింగు) వేసి, అర మీటరు లోపే ఉండేలా బిగించారు. తుప్పు పట్టకుండా పైన గ్రీజు. పవర్ వైరుతో కలిపి కట్టేసిన ఆర్‌సీఏ వైర్లను రెండో వైపు నుంచి లాగారు. మీటరు ముల్లు ఎక్కడో సున్నా పక్కన. ఈల పోయింది.

మిగిలిన చిన్న రొద ఫోను చార్జర్‌ది. చార్జర్ పెట్టి, ఫోను నుంచి సెట్‌కు ఆక్స్ వైరు కలిపి పాటలు వింటే వస్తుంది, బ్లూటూత్‌లో రాదు. దానికోసం ఐసోలేటర్ (రెండు వైపుల ఎర్త్‌లు కలవకుండా విడదీసే పరికరం) కొనాలా అంటే, చవకది కొంటే బేస్ తినేస్తుంది, అక్కర్లేదన్నారు పెద్దాయన.

మేస్త్రీగారు వైరుకూ లగ్గులకూ, ఒక పూట కూలికీ మాత్రమే తీసుకున్నారు. ఎక్కువ ఇవ్వబోతే చేయి అడ్డం పెట్టారు. పెద్దాయన అసలు ఏమీ తీసుకోలేదు. మామిడి పళ్ళ బుట్ట పంపితే ముందు తిట్టి, తరువాత పుచ్చుకున్నారు. ఇద్దరికీ నమస్కారాలు.

టంకం వేయించిన ఆ రెండు పిన్నులు పటమటలో మా ఇంట్లోనే ఉన్నాయి. ఇలాంటి ఈలతో బాధపడుతున్నవారు వచ్చి పట్టుకెళ్ళవచ్చు. వాడుకున్నాక తిరిగి ఇచ్చేయాలి మరి.