ఒక్క గంట పిల్లలకి వదిలేద్దాం

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది విజయవాడ సత్యనారాయణపురం. అమ్మాయి ఏడో క్లాసు, బాబు నాలుగో క్లాసు. దసరా సెలవల్లో జరిగిన ఒక చిన్న విషయం మనసులోంచి పోవట్లేదు, అందుకే రాస్తున్నా. సెలవలిచ్చిన మొదటి రోజు పొద్దున పాప టిఫిన్ తినేసి వచ్చి "అమ్మా, ఇప్పుడేం చెయ్యాలి?" అంది. ఆడుకోమ్మా అన్నా. కాసేపటికి మళ్ళీ వచ్చి "ఆడటం అయిపోయింది, ఇప్పుడేం చెయ్యను?" అంది. సాయంత్రం దాకా అదే అడుగుతూ తిరిగింది. పన్నెండేళ్ళ పిల్లకి ఖాళీగా ఒక పూట దొరికితే ఏం చేసుకోవాలో తెలియట్లేదంటే అది దాని తప్పు కాదండీ, ఇన్నేళ్ళూ దాని ప్రతి గంటా మేమే నింపేశాం.

మామూలు రోజుల్లో 5:30కి లేపుతా, ఏడు కాకముందే వీధి చివరకి బస్సు వచ్చేస్తుంది, మళ్ళీ సాయంత్రం 5:30కి ఇల్లు, పాలు తాగి ట్యూషన్, ఎనిమిదిన్నరకి అన్నం, తర్వాత హోంవర్క్, అది చేస్తూ చేస్తూనే నిద్రపోతుంది. ఆదివారం పొద్దున అబాకస్, సాయంత్రం డాన్స్. ఆరో క్లాసు నుంచి ఐఐటీ ఫౌండేషన్, అంటే ఐఐటీ ఎంట్రన్స్‌కి ఇప్పట్నుంచే తయారుచేసే క్లాసులు కూడా పెట్టించాం. ఎందుకు అంటే పక్క ఫ్లాట్ వాళ్ళు చేర్పించారు, మన పిల్ల వెనకబడిపోతుందేమో అని భయం, అంతకు మించి నా దగ్గర జవాబు లేదు. పదహారేళ్ళ లోపు పిల్లల్ని కోచింగ్ సెంటర్లు చేర్చుకోకూడదని 2024 జనవరిలో కేంద్రం గైడ్‌లైన్స్ ఇచ్చింది కదా, కానీ మన దగ్గర ఫౌండేషన్ స్కూల్ టైంటేబుల్లోనే కలిసిపోయి ఉంటే దాన్ని కోచింగ్ అని ఎవరు పట్టుకుంటారు? బాబు బ్యాగ్ మొన్న కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చూశా, 5 కిలోల 800 గ్రాములు ఉంది, వాడు ఉన్నదే 26 కిలోలు. పిల్లల బరువులో పదో వంతు దాటకూడదని 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ చెప్తుంది, ఇది అంతకి రెట్టింపు దాటింది.

చదువు సంగతి సరే, వాళ్ళ స్నేహాలు కూడా మనమే నడుపుతున్నాం. మొన్న సెల్లార్‌లో షటిల్ బ్యాట్ దగ్గర మా వాడికి, పై ఫ్లోర్ పిల్లాడికి గొడవైంది, ఒకరినొకరు తోసుకున్నారు. అరగంటలో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్‌లు మొదలయ్యాయి, నేనూ పెట్టా, మా ఆయన కిందకెళ్ళి వాళ్ళ నాన్నతో మాట్లాడాడు, మాటా మాటా పెరిగింది. అప్పటికే ఆ ఇద్దరూ పార్కింగ్‌లో కూర్చుని ఒకే బిస్కెట్ ప్యాకెట్ తింటున్నారు. కానీ మేం పెద్దవాళ్ళం, వాడితో ఆడొద్దు అన్నాం, వాళ్ళూ అదే అన్నారు. నెల రోజులు లిఫ్ట్‌లో ఎదురుపడినా ఆ పిల్లలు తల దించుకుని నిలబడ్డారు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

నేను కృష్ణలంకలో పుట్టి పెరిగా. పక్కనే కృష్ణ, అంత నది ఉన్నా మా అమ్మ రోజంతా మా వెనకే తిరగలేదు, దీపాలు పెట్టే వేళకి ఇంట్లో ఉండాలి అంతే. తొక్కుడుబిళ్ళలో తొండి ఎవరు చేశారో మేమే తేల్చుకునేవాళ్ళం. ఇప్పుడు రోజులు అలా లేవు అంటారు, నిజమే, బీఆర్‌టీఎస్ రోడ్డు మీద బండ్లు వచ్చే స్పీడ్ చూస్తే నాకూ గుండె దడే. అందుకని రోడ్డు దాటాల్సిన అవసరం లేని చోటుకే మొదలుపెట్టా, మా వీధిలోనే ఉన్న కూరగాయల బండి దగ్గరకి 10 రూపాయలిచ్చి కరివేపాకు తెమ్మని బాబుని ఒక్కడినే పంపించా. ఐదు నిమిషాల పనికి ఇరవై నిమిషాలు పట్టింది, బాల్కనీలో నిలబడి ఎన్నిసార్లు కిందకి వెళ్దామనుకున్నానో. వచ్చాక మూడో ఇంటి గేటు దగ్గర కుక్క ఈనిందని, నాలుగు పిల్లలని, ఒకటి ఇంకా కళ్ళు తెరవలేదని ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. స్కూల్లో ఏం జరిగిందిరా అంటే ఒక్క ముక్క చెప్పని పిల్లాడు.

ఇప్పుడు పాపకి ఆదివారం అబాకస్ మాన్పించేశాం. రోజూ ఒక గంట ఇద్దరినీ ఏమీ అడగకుండా వదిలేస్తున్నాం. తోటి తల్లిదండ్రులని అడిగేది కూడా అంతే, రోజుకో గంట.

ఆ గంట ఎక్కడ ఆడుకుంటారు అన్నదే అసలు చిక్కు. మా పిల్లల స్కూల్‌కి గ్రౌండ్ లేదు, అపార్ట్‌మెంట్‌లో కార్లు తప్ప ఖాళీ లేదు. ఆడుకోవడం పిల్లల హక్కు అని 1989 ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో 31వ ఆర్టికల్ ఉంది, 1992లో మన దేశమూ దానికి ఒప్పుకుంది. కార్పొరేషన్ వాళ్ళు గ్రౌండ్ ఉన్న మున్సిపల్ స్కూళ్ళ గేట్లు సాయంత్రం 5 నుంచి 7 దాకా చుట్టుపక్కల పిల్లలందరికీ తెరిచి ఉంచాలని, ఒక వాచ్‌మన్, నాలుగు లైట్లు, తాగే నీళ్ళు పెట్టాలని మీ పేపర్ ద్వారా కోరుతున్నా. ఫౌండేషన్ పేరుతో ఆరో క్లాసు పిల్లల్ని చీకటి పడేదాకా కూర్చోబెట్టే స్కూళ్ళని విద్యాశాఖ అధికారులు ఒక్కసారి సాయంత్రం పూట వచ్చి చూడాలి, పొద్దున పూట కాదు.

ఇట్లు,
ఒక తల్లి,
సత్యనారాయణపురం, విజయవాడ