గ్రామీణ బ్యాంకు: బోర్డు మార్చారు సరే, బ్రాంచి చేతులు కట్టేయొద్దు

సంపాదకులకు,

2025 మే 1న ఆంధ్రప్రగతి, సప్తగిరి, చైతన్య గోదావరి, ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులు నాలుగూ కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. స్పాన్సర్, అంటే వాటా పెట్టి వెనక నిలబడే పెద్ద బ్యాంకు, యూనియన్ బ్యాంకు. తెలంగాణలో ఈ పని అంతకు నాలుగు నెలల ముందే, జనవరి 1న, తెలంగాణ గ్రామీణ బ్యాంకు పేరుతో ముగిసింది. రాష్ట్రానికి ఒక్కటే గ్రామీణ బ్యాంకు ఉండాలన్న విధానంతో దేశంలో 43గా ఉన్నవి 28కి తగ్గాయి. విలీనం మంచిదా కాదా అన్న వాదన ఇక అనవసరం, అయిపోయింది. కానీ ఈ బ్యాంకును ఎందుకు పెట్టారో ఇప్పుడు నడిపేవాళ్లకు ఒకసారి గుర్తు చేయాలి. ఖాతాదారులు చూసుకోవలసినవి కూడా కొన్ని ఉన్నాయి.

మైదవోలు నరసింహం అధ్యక్షతన వేసిన బృందం 1975లో చెప్పిన మాట చిన్నదే. సహకార సంఘానికి ఊరి గుట్టు తెలుసు, లెక్క తెలియదు. వాణిజ్య బ్యాంకుకు లెక్క తెలుసు, ఊరు తెలియదు. రెండూ తెలిసినది ఒకటి కావాలి. ఆ ఏడాది సెప్టెంబరు 26న ఆర్డినెన్సు వచ్చింది, అక్టోబరు 2న మొరాదాబాద్‌తో కలిపి ఐదు చోట్ల బ్యాంకులు తెరిచారు. 1976లో చట్టం అయింది. ఒక్కో బ్యాంకుకు జారీ మూలధనం 25 లక్షల రూపాయలు. అందులో సగం, అంటే పన్నెండున్నర లక్షలు, కేంద్రానిది. స్పాన్సర్ బ్యాంకు 35 శాతం, రాష్ట్రం 15 శాతం. రాష్ట్రం పెట్టింది మూడు లక్షల డెబ్బై అయిదు వేలు. ఇప్పుడు మండల కేంద్రంలో సెంటు స్థలం కొనడానికి కూడా సరిపోని ఆ సొమ్ముతో జిల్లాకో బ్యాంకు మొదలైంది.

మనవైపు 1976లోనే ఖమ్మంలో నాగార్జున, కడపలో రాయలసీమ, శ్రీకాకుళంలో శ్రీవిశాఖ వచ్చాయి. 1979లో అనంతపురంలో శ్రీ అనంత, 1982లో నెల్లూరులో పినాకిని. పేర్లు చూడండి, ఒకటి నదిది, ఒకటి సీమది, ఒకటి ఊరిది. 2006లో రాయలసీమ, అనంత, పినాకిని కలిసి కడప కేంద్రంగా ప్రగతి అయ్యాయి. రాష్ట్ర విభజన తర్వాత ఇంకో వింత ఉండేది: శ్రీకాకుళం పల్లెలో గ్రామీణ వికాస్ బ్యాంకు బ్రాంచికి ప్రధాన కార్యాలయం తెలంగాణలోని వరంగల్‌లో. ఆ తికమక ఈ విలీనంతో తీరింది. కొత్తది ఒకటి వచ్చింది. ఏపీజీబీ అంటే పాత ప్రగతికీ, ఇప్పటిదానికీ అవే పొడి అక్షరాలు. ఫారం మీద పూర్తి పేరు రాస్తే గొడవ ఉండదు.

పల్లె బ్యాంకు కాబట్టి చవగ్గా నడవాలని మొదట్లో సిబ్బందికి రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల లెక్కన జీతాలిచ్చారు. 1990లో జస్టిస్ ఓబుల్‌రెడ్డి ట్రిబ్యునల్ వాణిజ్య బ్యాంకులతో సమానం చేసింది. చాలామంది దీన్ని నష్టాల లెక్కలోనే రాస్తారు. అసలు నష్టం, అప్పు ఇవ్వాలంటే సన్నకారు రైతుకో, కూలికో, చేతివృత్తివాడికో తప్ప ఇవ్వకూడదని చాలాకాలం కట్టడి పెట్టడంలో ఉంది. వాన రాని ఏడు ముగ్గురూ ఒకేసారి కట్టలేరు. 1990లలో ఆ కట్టడి సడలించి, మూలధనం పోశాకే ఇవి నిలదొక్కుకున్నాయి. ఇప్పటికీ తమ అప్పుల్లో 75 శాతం వ్యవసాయం, చిన్న పరిశ్రమల వంటి ప్రాధాన్య రంగాలకే ఇవ్వాలన్న నిబంధన వీటికుంది. పెద్ద వాణిజ్య బ్యాంకులకు అది 40 శాతమే.

ఇక పొదుపు సంగతి. జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు (నాబార్డు) 1992లో 500 పొదుపు సంఘాలతో బ్యాంకు లింకేజీ, అంటే సంఘం పొదుపును బట్టి బ్యాంకు అప్పు ఇవ్వడం, మొదలుపెట్టింది. అదే రోజుల్లో నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం చేసిన ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచడం మొదలుపెట్టారు. ఆ రూపాయి చేరడానికి దగ్గరలో ఉన్నది చాలా ఊళ్లలో గ్రామీణ బ్యాంకు బ్రాంచే. పదిమంది సంఘం, మనిషికి నెలకు వంద అనుకుందాం. ఏడాదికి 12,000, రెండేళ్లకు 24,000. మొదటి లింకేజీ అప్పు సంఘం నిధికి ఆరు రెట్లు, లేదా కనీసం లక్షన్నర, ఏది ఎక్కువైతే అది. ఇక్కడ ఆరు రెట్లంటే లక్షా నలభై నాలుగు వేలే కాబట్టి లక్షన్నర వస్తుంది. 7 శాతం వడ్డీకి మొదటి నెల 875 రూపాయలు. అదే సొమ్ము ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 4,500.

ఇక్కడ చెడేదెక్కడో కూడా చెప్పాలి. పది లక్షల దాకా సంఘం అప్పుకు తనఖా అడగకూడదు, సంఘం పొదుపు ఖాతాను హోల్డులో పెట్టకూడదు. రిజర్వు బ్యాంకు మాటే ఇది. పది నుంచి ఇరవై లక్షల దాకా కూడా పొదుపును పట్టుకోవడానికి లేదు. అయినా కొన్నిచోట్ల పొదుపు సొమ్ము తియ్యడానికి వెళితే ‘లోను ఉంది కదమ్మా’ అన్న జవాబు వస్తుంది. అప్పుడు నోటిమాటతో తిరిగి రావద్దు. తీర్మానం పుస్తకంలో ఎంత తియ్యాలో రాసి, సంతకందారులు సంతకం చేసి, దరఖాస్తుతో పాటు ఇచ్చి, ఎందుకు కుదరదో రాతపూర్వకంగా అడగాలి. సంఘం అధ్యక్షురాలు మారినప్పుడు కొత్త తీర్మానం, కొత్త సంతకాల కార్డు బ్యాంకులో ఇవ్వకపోవడం రెండో తప్పు. పాతావిడ వలస వెళ్లిపోతే ఖాతా అక్కడే ఆగిపోతుంది. క్యాష్ క్రెడిట్ లిమిట్ (ఒక పరిమితి దాకా కావలసినప్పుడు తీసుకుని, కట్టుకునే అప్పు ఖాతా) వాడే సంఘాలు, బాకీ లిమిట్ దాటి వరసగా 30 రోజులు ఉంటే వడ్డీ రాయితీ పోతుందని గుర్తుంచుకోవాలి. ప్రతినెలా కనీసం ఆ నెల వడ్డీకి సరిపడా జమ పడాలి.

పంట రుణం కథ ఇంకొకటి. అనంతపురం వైపు శెనక్కాయ రైతుకు జూన్, జులైలో ‘రెన్యువల్’ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. మూడు లక్షల లోపు కిసాన్ క్రెడిట్ కార్డు అప్పు మీద వడ్డీ 7 శాతం. ఏడాది లోపు కడితే 3 శాతం రాయితీ, అంటే పడేది నాలుగే. లక్షకు ఏడాదికి మూడు వేల తేడా. ఆ మూడు వేల కోసం రైతు ఒక్కరోజుకు సొమ్ము బదులు తెచ్చి కట్టి, మర్నాడు తిరిగి తీసుకుంటాడు. రెన్యువల్ ఆ మర్నాటికి కాక వారం పడితే, రోజు వడ్డీకి తెచ్చిన సొమ్మే రాయితీని తినేస్తుంది. అప్పు మంజూరు చేసే అధికారం బ్రాంచి మేనేజరు చేతిలో ఉంటే ఇది ఒక రోజు పని. ప్రతి ఫైలూ రీజియనల్ ఆఫీసుకు పోయి రావాలంటే వారం. మేము అడిగేది ప్రధానంగా ఇదే. నాలుగు బ్యాంకులు ఒకటైనంత మాత్రాన బ్రాంచి స్థాయి మంజూరు పరిమితులు తగ్గించకండి. రెండు లక్షల దాకా వ్యవసాయ అప్పుకు తనఖా అక్కర్లేదని 2025 జనవరి నుంచి నిబంధన ఉంది కనుక, కనీసం ఆ మేరకు బ్రాంచిలోనే తేలాలి.

రెండోది, మనిషి. పాత బ్యాంకులో బదిలీ అయినా నాలుగైదు జిల్లాల్లోనే. ఇప్పుడు ఇచ్ఛాపురం నుంచి హిందూపురం దాకా ఒకటే పరిధి, దాదాపు వెయ్యి కిలోమీటర్లు. తెలుగు వచ్చినంత మాత్రాన సరిపోదు. ఏ బోరు ఎండింది, ఏ రైతు భూమి పేరు మీద ఉన్నా కౌలుకిచ్చి బెంగళూరు వెళ్లాడు అన్నది తెలిసినవాడే అప్పు ఇవ్వగలడు, వసూలు చేయగలడు. ఫీల్డ్ ఆఫీసర్లను కనీసం రెండు పంటకాలాలు ఒకచోట ఉంచాలి. పాత వాణిజ్య బ్యాంకులకు తెలియనిది, దీనికి తెలిసినది ఇదొక్కటే. ఇది కూడా పోతే యూనియన్ బ్యాంకు బ్రాంచికీ దీనికీ తేడా ఏముంది?

ఖాతాదారులకు మూడు మాటలు. ఐఎఫ్‌ఎస్‌సీ కోడు కొత్తది పాస్‌బుక్కులో వేయించుకోండి. డబ్బు పంపేటప్పుడు మీ బ్రాంచిని గుర్తించే కోడు ఇది. అందులో 11 గుర్తులుంటాయి, అయిదోది ఎప్పుడూ సున్నా. దాన్ని ‘ఓ’ అని రాసి డబ్బు వెనక్కి పంపించుకున్నవాళ్లు చాలామంది. బీమా ప్రీమియం, చీటీ కంతు, ఈఎంఐ ఖాతాలోంచి కోతపడేలా పెట్టుకున్నవాళ్లు ఒక నెల కోత సరిగా పడిందో లేదో చూసుకోవాలి. ఉపాధి కూలి, రాయితీ సొమ్ము మాత్రం ఐఎఫ్‌ఎస్‌సీతో కాదు, ఆధార్‌తో వస్తుంది. ఆధార్ చివరిసారి ఏ బ్యాంకు ఖాతాకు జోడిస్తే అందులోకే పోతుంది. కూలి డబ్బు ‘రాలేదు’ అనేవాళ్లలో ఎక్కువమందికి అది వచ్చే ఉంటుంది, ఎప్పుడో తెరిచి మరచిపోయిన ఇంకో ఖాతాలో. మైఆధార్ సైటులో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకో తెలుస్తుంది.

డిపాజిట్ ఉన్నవాళ్లు ఇంకొక లెక్క చూసుకోవాలి, దీన్ని బ్రాంచిల్లో ఎవరూ చెప్పడం లేదు. డిపాజిట్ బీమా బ్యాంకుకు మనిషికి అయిదు లక్షలు, అసలు వడ్డీ కలిపి. కదిరిలో ప్రగతిలో నాలుగు లక్షలు, మదనపల్లెలో సప్తగిరిలో నాలుగు లక్షలు వేసుకున్నవాళ్లకు నిన్నటిదాకా ఎనిమిదికీ బీమా ఉంది. రెండూ ఒకే బ్యాంకు అయ్యాక అయిదుకే. భయపడాల్సిందేమీ లేదు, ప్రభుత్వ వాటా ఉన్న బ్యాంకు ఇది. తెలిసి ఉంచుకోవడం మాత్రం మంచిది. నామినీ పేరు కూడా అదే పూట చూసుకోండి. 2025 నవంబరు 1 నుంచి నలుగురి దాకా రాయవచ్చు, వాటాలు శాతంలో చెప్పవచ్చు. చనిపోయిన భర్త ఖాతాలో నామినీగా చనిపోయిన అత్తగారి పేరు ఉండటం అరుదేమీ కాదు.

ఊళ్లో బ్యాంకు తరఫున డబ్బు ఇచ్చే బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర వేసి డబ్బు రాకుండా ఖాతాలో కోత పడితే, అయిదు రోజుల్లో తిరిగి జమ కావాలి, దాటితే రోజుకు వంద రూపాయలు పరిహారం. రసీదు చింపేయకండి. ఫిర్యాదు ముందు బ్యాంకుకు రాసి, 30 రోజుల్లో జవాబు రాకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పంపవచ్చు. గ్రామీణ బ్యాంకులకు కూడా అది వర్తిస్తుంది. సమాచారానికి ఫోను 14448.

ఈ విషయాలన్నీ పెద్ద తెలుగక్షరాల్లో ఒక కాగితం మీద అచ్చువేసి, ప్రతి బ్రాంచి గోడకు, పొదుపు సంఘాలు కూర్చునే వైపు, నిలబడి చదివే ఎత్తులో అంటించమని బ్యాంకు యాజమాన్యాన్ని కోరుతున్నాం. ఇప్పుడు కొన్ని బ్రాంచిల్లో ఆ గోడకు పాత బ్యాంకు క్యాలెండరే వేలాడుతోంది.

— కొందరు ఖాతాదారులు,
ఉమ్మడి అనంతపురం జిల్లా