అమ్మలూ, ముందు ఎస్‌ఎంపీఎస్ కొను

పెరంబూరు, చెన్నై
ఆదివారం రాత్రి

అమ్మలూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన లిస్టు చూశాను. ఫోన్లో చెబుదామనుకున్నాను. కానీ నువ్వేమో ఆఫీసు హడావిడిలో ఉంటావు, నాకేమో చెప్పాల్సింది చాలా ఉంది. అందుకే షాపు మూశాక బల్ల దగ్గరే కూర్చుని రాస్తున్నాను. అమ్మ ఇప్పటికి రెండుసార్లు అన్నానికి పిలిచింది.

ఏడాదిపాటు జీతంలోంచి దాచుకున్న లక్షా ఇరవై వేలతో గేమింగ్ కంప్యూటర్ నువ్వే సొంతంగా బిగించుకుంటానన్నావు. "పదేళ్ళు నడవాలి నాన్నా" అన్నావు. ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ముప్పై ఏళ్ళుగా జనం పారేయబోయిన టీవీలనే బాగుచేస్తున్నాను కదా, ఏది ముందు పోతుందో, ఏది చివరిదాకా నిలుస్తుందో చేతికి అలవాటైపోయింది. అయినా కంప్యూటర్ల సంగతి వేరని వారం రోజులు కూర్చుని చదివాను. బుధవారం ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌కి వెళ్ళి, నేను కండెన్సర్లు కొనే షాపు ఎదురుగా అసెంబ్లింగ్ చేసే కుర్రాళ్ళతో రెండు గంటలు మాట్లాడి వచ్చాను.

నీ లిస్టులో అన్నిటికన్నా కింద "ఎస్‌ఎంపీఎస్ 700 వాట్స్, ఏదో ఒకటి" అని ఉంది. కంప్యూటర్‌లో ప్రతి పార్టుకీ కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా అదే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నువ్వు ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు కొన్న కంప్యూటర్ గుర్తుందా? దిమ్మెలు పేర్చి ఊళ్ళు కట్టే ఆట ఆడేదానివి. సెలవులన్నీ కూర్చుని మన వీధి మొత్తం కట్టావు. మూలమీద టీ కొట్టు, పక్కింటి మునగచెట్టు, మన షాపు నీలం షట్టర్, అన్నీ. నాకు చూపించి, "లోపలికి రా నాన్నా, నీ బల్ల కూడా పెట్టాను" అన్నావు. ఆ మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. క్యాబినెట్ వెనక టప్పుమని చప్పుడు, కాలిన వాసన. మదర్‌బోర్డు పోయింది, దాంతోపాటు హార్డ్ డిస్కూ పోయింది. నువ్వు ఏడవలేదు. "పర్లేదు నాన్నా, మళ్ళీ కడతాలే" అన్నావు. మళ్ళీ ఎప్పుడూ కట్టలేదు.

నీకు అప్పుడు చెప్పని సంగతి ఒకటుంది. ఆ రాత్రి ఎస్‌ఎంపీఎస్ మూత విప్పి చూశాను. పైన 450 వాట్స్ అని స్టిక్కర్. చేత్తో పట్టుకుంటే ఖాళీ డబ్బాలా ఉంది. కరెంటు లోపలికి వచ్చేచోట ఫిల్టర్ కాయిల్ ఉండాలి, అక్కడ రెండు వైరు ముక్కలు అతికించి ఉన్నాయి. కండెన్సర్లు 85 డిగ్రీల వేడి దాకానే తట్టుకునేవి, రెండు అప్పటికే ఉబ్బి ఉన్నాయి. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిందని తీసుకున్నాను. ఊరందరి పవర్ సప్లైలు బాగుచేసేవాణ్ణి, నా కూతురి కంప్యూటర్‌లో ఉన్నదాన్ని కొనేముందు ఒక్కసారి విప్పి చూడలేదు. ఈ పదేళ్ళలో ఎన్ని బోర్డులు బాగుచేసినా ఆ తప్పు నా మనసులోంచి పోలేదు. అందుకే ఈసారి ఎస్‌ఎంపీఎస్ నేను కొనిస్తాను. వద్దనకు.

మిగతా ఏ పార్టు పోయినా సాధారణంగా అదొక్కటే పోతుంది. ఎస్‌ఎంపీఎస్ మాత్రం పోతూ పోతూ మిగతావాటిని కూడా లాక్కుపోగలదు. మంచిదైతే వోల్టేజీ అదుపు తప్పగానే తనంతట తానే ఆగిపోతుంది. ఓవర్ వోల్టేజ్, ఓవర్ కరెంట్, షార్ట్ సర్క్యూట్ రక్షణలు మూడూ ఉన్నాయో లేదో చూడాలి. డబ్బా మీద 80 ప్లస్ గోల్డ్ అని ఉంటే మంచిదే. అయితే అది గోడలోంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా కాకుండా అందిస్తుందో చెప్పే ముద్ర మాత్రమే, లోపల ఏం వాడారో చెప్పదు. దానికి గుర్తు వారంటీ. ఏడేళ్ళు, పదేళ్ళు వారంటీ ఇచ్చే మోడళ్ళున్నాయి. అన్నేళ్ళు మాటిచ్చేవాడు సాధారణంగా 105 డిగ్రీల కండెన్సర్లే వేస్తాడు. కండెన్సర్ చుట్టూ వేడి పది డిగ్రీలు తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. మన చెన్నై ఎండల్లో నేను రోజూ కళ్ళారా చూసే లెక్క ఇది.

నీకు 650 వాట్లు చాలు. 750 తీసుకుందాం, నాలుగేళ్ళ తర్వాత పెద్ద కార్డు వేసినా సరిపోతుంది. ఏటీఎక్స్ 3.1 అనే కొత్త ప్రమాణం రాసి ఉన్నదైతే కొత్త కార్డులకు కావలసిన కేబుల్ సాధారణంగా దాంతోనే వస్తుంది. ఒక్కటి మాత్రం రాసిపెట్టుకో. ఊడదీసే కేబుళ్ళున్న ఎస్‌ఎంపీఎస్ అయితే దాని కేబుళ్ళే దానికి వాడాలి. ఇంకో దాని కేబుల్ సరిగ్గా దూరినా లోపల వైర్ల వరస వేరుగా ఉండొచ్చు. అలా పెట్టి డిస్కులు కాల్చుకుని నా దగ్గరికి తెచ్చినవాళ్ళున్నారు. మిగిలిన కేబుళ్ళు పారేయకుండా దాని డబ్బాలోనే దాచు.

ఇక ప్రాసెసర్. నువ్వు ఏఎండీ కంపెనీ ఖరీదైన ప్రాసెసర్ రైజెన్ 7 7800ఎక్స్3డీ రాశావు, గ్రాఫిక్స్ కార్డు మాత్రం 8 జీబీది పెట్టావు. ఇది నాకు తలకిందులుగా అనిపించింది. నువ్వు ఎంచుకున్న ఏఎం5 సాకెట్, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు, మంచిదే. 2022 సెప్టెంబరులో వచ్చింది, కనీసం 2027 దాకా కొత్త ప్రాసెసర్లు దీనికే తెస్తామని ఏఎండీ చెప్పింది. దీనికి ముందరి ఏఎం4 చరిత్ర చూడు. 2017లో మొదటి రైజెన్‌తో కొన్న బోర్డుల్లో చాలావాటికి బయోస్ (బోర్డులోనే ఉండే మొదటి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, 2022 ఏప్రిల్‌లో వచ్చిన 5800ఎక్స్3డీ పెట్టుకోగలిగారు. ఐదేళ్ళ పాత బోర్డు మీద కొత్త ప్రాణం! ఇంటెల్‌లో అయితే 2021లో వచ్చిన సాకెట్ 14వ తరంతో ఆగింది, 2024లో వచ్చినవాటికి సాకెట్ మళ్ళీ మారింది. పదేళ్ళ మెషిన్ అన్నావు కాబట్టి ఈ సాకెట్ సంగతే అన్నిటికన్నా ముఖ్యం.

అందుకని ఇప్పుడు ఆరు కోర్ల రైజెన్ 5 7600 తీసుకో. మిగిలిన డబ్బు కార్డులో పెట్టు. నాలుగేళ్ళ తర్వాత ఎక్స్3డీ ప్రాసెసర్ ధర దిగొచ్చు, అప్పుడు ఇదే బోర్డు మీద మారుద్దువుగాని. 7600లో చిన్న గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. మెకానిక్‌గా నాకది చాలా విలువైన విషయం. ఎప్పుడైనా స్క్రీన్ మీద ఏమీ రాకపోతే కార్డు పీకేసి, కేబుల్ బోర్డుకి పెట్టి చూస్తే లోపం కార్డుదా కాదా అన్నది ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. దాంతో వచ్చే ఫ్యాను కూడా దానికి సరిపోతుంది కాబట్టి నువ్వు రాసిన లిక్విడ్ కూలర్ తీసెయ్. దానిలో పంపు అరుగుతుంది, ఏళ్ళు గడిచేకొద్దీ నీళ్ళు గొట్టాల్లోంచి కొంచెం కొంచెంగా ఆవిరైపోతాయి. గాలి కూలర్‌లో పోయేది ఫ్యానొక్కటే. అది పోతే ఇంకోటి వేస్తాం.

గ్రాఫిక్స్ కార్డు మెమరీ తర్వాత పెంచుకునేది కాదు. చిప్పులు బోర్డుకే అతికి ఉంటాయి. ఆర్టీఎక్స్ 5060 టీఐ, ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ రెండూ 8 జీబీలోనూ, 16 జీబీలోనూ అమ్ముతున్నారు. పేరు ఒకటే కదా అని తక్కువదానికి మొగ్గు చూపొద్దు. 8 జీబీ ఇప్పటికే కొన్ని ఆటలకు చాలట్లేదు, బొమ్మల నాణ్యత తగ్గించాల్సి వస్తోంది. 16 తీసుకుంటే ఆ తంటా చాలా ఏళ్ళు వాయిదా పడుతుంది. అయినా పదేళ్ళలో ఒకసారి కార్డు మార్చక తప్పదు, అందుకు సిద్ధంగా ఉండు. మిగతా మెషిన్ అంతా ఆ ఒక్క మార్పుకి వీలుగా ఉంటే చాలు.

మదర్‌బోర్డు మరీ ఖరీదైనది వద్దు. బీ650 గానీ బీ850 గానీ చిప్‌సెట్ ఉన్నది చాలు. రెండు చూడు. ప్రాసెసర్ చుట్టూ ఉన్న పవర్ విభాగం మీద లోహపు హీట్‌సింకులు ఉండాలి, వెనకాల బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉండాలి. రేపు కొత్త ప్రాసెసర్‌ని బోర్డు గుర్తుపట్టకపోతే ఆ బటన్‌తోనే పెన్‌డ్రైవ్ పెట్టి అప్‌డేట్ చేయొచ్చు. ఏఎం5లో పిన్నులు బోర్డు మీదే ఉంటాయి, వెంట్రుకల్లాంటివి. సాకెట్ మీద వచ్చే ప్లాస్టిక్ మూత పారేయకు. వారంటీకి పంపాలంటే అది అడుగుతారు.

ర్యామ్ ధరలు 2025 చివరి నుంచి మండిపోతున్నాయి. మెమరీ చిప్పులు ఏఐ డేటా సెంటర్ల వైపు తరలిపోతున్నాయట. అయినా 16 జీబీవి రెండు స్టిక్కులే కొను. ఎనిమిదివి రెండు ఇప్పుడు, రెండు తర్వాత అనుకోకు. ఏఎం5లో నాలుగు స్టిక్కులు పెడితే వేగం తగ్గించాల్సి వస్తుంది. 6000 వేగం ఉన్నవి చాలు. పెట్టాక బయోస్‌లో ఎక్స్‌పో (ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చెయ్, లేకపోతే అంత డబ్బు పెట్టి తక్కువ వేగంతో నడుపుతావు. ర్యామ్‌కి పెరిగిన ఖర్చుని లైట్లు వెలిగే ఫ్యాన్లు మానేసి మిగుల్చుకో.

ఎస్‌ఎస్‌డీ, అంటే హార్డ్ డిస్కు బదులు వాడే చిప్పుల డ్రైవ్, గురించి టెన్షన్ పడకు. మంచి 1 టీబీ డ్రైవ్‌లలో చాలావాటికి 600 టీబీ రాతల దాకా హామీ ఇస్తారు. రోజుకి 50 జీబీ రాసినా ముప్పై రెండేళ్ళు. కానీ కంట్రోలర్ చిప్పు చెప్పాపెట్టకుండా పోగలదు. కాబట్టి నువ్వు కట్టుకున్నది ఏదైనా సరే, ఇంకో చోట కూడా ఉండాలి. నెలకోసారి బయటి డిస్కులోకి కాపీ చెయ్. ఈ విషయంలో మాత్రం నా మాట తప్పకుండా విను.

మీ మావయ్య 2016లో కొన్న తన కంప్యూటర్ ఇస్తానన్నాడు, పార్టులు వాడుకోమని. ప్రేమతోనే అన్నాడు. కానీ విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఆ మెషిన్ విండోస్ 11 అడిగే ప్రాసెసర్ల జాబితాలో లేదు. దాని మానిటర్, కీబోర్డు తీసుకో, చాలు.

క్యాబినెట్ ముందు భాగం అద్దం కాకుండా జాలీ ఉన్నది చూడు, జాలీ వెనక దుమ్ము ఆపే వల ఊడదీసి కడుక్కునేలా ఉండాలి. బెంగళూరులో ఎండ మనకంటే నయం గానీ, నీ గది బయట మెట్రో పనుల దుమ్ము నేను వచ్చినప్పుడు చూశాను. దాన్ని నేలమీద పెట్టకు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చి వెళ్ళాక మన షాపుకి వచ్చిన వస్తువులన్నీ నేలమీద పెట్టినవే. టేబుల్ మీద ఉన్నవాటి యజమానులు ఎవరూ రాలేదు.

యూపీఎస్ సంగతి. 600 వీఏ అంటే 600 వాట్లు అనుకోకు, చాలావాటిలో అది 360 వాట్లే. ఇంకొకటి, చవక మోడళ్ళు బ్యాటరీ మీద ఇచ్చే కరెంటు మెట్లుమెట్లుగా ఉంటుంది. యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడలోంచి కరెంటు తీసుకునే తీరుని సరిచేసే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లలో కొన్నిటికి అది పడదు. కరెంటు పోగానే యూపీఎస్ ఉండి కూడా మెషిన్ ఆగిపోతుంది. మెట్లు లేకుండా నున్నగా కరెంటు ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ మోడల్ అని అడుగు. ఖరీదే, అయినా ఆగి వచ్చే నెల కొనుక్కో.

మీ ఊళ్ళో ఎస్పీ రోడ్డులో కొన్నా, ఇక్కడ కొన్నా, ప్రతి పార్టుకీ జీఎస్‌టీ బిల్లు తీసుకో. 18 శాతం మిగులుతుందని ఎవరైనా బిల్లు లేకుండా ఇస్తానంటే వెనక్కి వచ్చెయ్. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించు. ఈ దేశంలో అధికారికంగా అమ్మిన సరుకు కాకపోతే పదేళ్ళ వారంటీ అయినా కాగితానికే పరిమితం.

వచ్చే శనివారం బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాను. ఎస్‌ఎంపీఎస్ తెస్తాను, అమ్మ ఇచ్చే గోంగూర పచ్చడి తెస్తాను, నా మల్టీమీటర్ తెస్తాను. బిగించడం అంతా నువ్వే చెయ్యి. చిన్నప్పుడు నేను సోల్డరింగ్ చేస్తుంటే నువ్వు టార్చి పట్టుకునేదానివి, ఇప్పుడు నేను పట్టుకుంటాను. ముందు మాత్రం నీ గదిలో ఎర్తింగ్ చూడాలి. ఫేజుకీ ఎర్తుకీ మధ్య 230 దగ్గర రావాలి, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. అద్దె ఇళ్ళలో మూడో రంధ్రం ఉంటుంది గానీ చాలాసార్లు దాని వెనక వైరే ఉండదు. అలా ఉంటే మీ ఇంటి ఓనరుతో నేనే మాట్లాడతాను.

టేబుల్ ఎక్కడ పెడతావో ఆ గోడ సాకెట్‌ని రేపు పగటి వెలుతురులో ఫొటో తీసి పంపు. నువ్వు మాత్రం దాన్ని విప్పకు.

నాన్న