మూడు రూపాయల వడ్డీ ఏడాదికెంత? విద్యాశాఖ మంత్రి గారికి ఒక సోషల్ టీచర్ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు ఒక హైస్కూల్లో సోషల్ చెప్తాను. పదో తరగతి ఎకనామిక్స్ పుస్తకంలో డబ్బు, అప్పుల పాఠం ఉంది. అందులో స్వప్న అనే రైతు మూడెకరాల్లో వేరుశనగ వేస్తుంది. వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు తెస్తుంది, పంటకు పురుగు పడుతుంది, చివరికి భూమిలో కొంత అమ్ముకుంటుంది. ఆ పాఠం చెప్తుంటే వెనక బెంచీ పిల్లాడు "ఇది మాకు తెలిసిందే గదా సార్" అన్నాడు.

తెలిసిందే. అప్పుల ఊబి అంటే ఏమిటో కూడా గడగడా అప్పజెప్తారు. కానీ మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఎంత శాతం అని అడిగితే సగం క్లాసు "మూడు శాతం" అంది. నూటికి నెలకు మూడు, అంటే ఏడాదికి 36 శాతం. లెక్కల క్లాసులో వడ్డీ ఏడాది శాతాల్లో చెప్తాం, ఊళ్లో జనం నెలకు రూపాయల్లో మాట్లాడుకుంటారు. ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చి చూసుకోవాలని పిల్లలకు తట్టలేదు. ఇన్నేళ్లూ చెప్పాలని నాకూ తట్టలేదు.

బోర్డు మీద లెక్క వేశాం. 50,000 అప్పుకు ఏడాదికి మూడు రూపాయల వడ్డీ 18,000. అదే బ్యాంకు పంట రుణమైతే 7 శాతం, 3,500. గడువులోగా కడితే కేంద్రం రాయితీ పోను 4 శాతమే, 2,000. క్లాసు ఒక్క నిమిషం నిశ్శబ్దమైపోయింది. తర్వాత ఒకమ్మాయి అడిగింది: "మరి మా నాయన బ్యాంకుకు ఎందుకు పోలేదు సార్?" కౌలు రైతు పేరున భూమి పాసుపుస్తకం ఉండదని, అది లేకుండా బ్యాంకులో అప్పు పుట్టడం కష్టమని చెప్పేసరికి గంట కొట్టారు. అప్పు తీసుకున్నప్పుడు రాసిచ్చే ప్రామిసరీ నోటు మూడేళ్లకోసారి ఎందుకు తిరగరాయించుకుంటారో చెప్పడానికి ఇంకో పీరియడ్ పట్టింది. గడువు చట్టం ప్రకారం మూడేళ్లు దాటితే ఆ నోటు కోర్టులో చెల్లదని తెలిశాక, పిల్లలు ఇంటికెళ్లి పెద్దవాళ్లకు చెప్పారట.

పోయినేడాది ఒక తప్పు కూడా చేశాను. ప్రాజెక్టు వర్క్ కింద ఇంట్లో అప్పులు రాసుకురమ్మన్నాను. ఒకమ్మాయి తెల్లకాగితం ఇచ్చింది. మర్నాడు వాళ్లమ్మ వచ్చి "మా అప్పులు మీకెందుకు సార్?" అంది. ఆమె అడిగిందే న్యాయం. ఇప్పుడు మార్కెట్ యార్డుకు వెళ్లి వేరుశనగ కాయల ధర, కమీషన్, హమాలీ, తరుగు రాసుకురమ్మంటున్నాను.

ఇక్కడి పిల్లల్లో ఎక్కువ మంది ఇంటర్లో ఎంపీసీ, బైపీసీలో చేరతారు. కొందరు పదితోనే చదువు ఆపేస్తారు. వాళ్లకు ఎకనామిక్స్ ఇంతటితో సరి. అందుకని ఒక్కటే అడుగుతున్నాను. పబ్లిక్ పరీక్షలో ఎకనామిక్స్ నుంచి ఒక్క ప్రశ్నయినా నిర్వచనం కాకుండా లెక్కగా ఇప్పించండి. నోటు మీద అసలు, వడ్డీ, తేదీ ఇచ్చి, మొత్తం ఎంత కట్టాలో, బ్యాంకులో అయితే ఎంతయ్యేదో రాయమనండి. పరీక్షలో రానిది మేమూ పెద్దగా చెప్పం, దాచడమెందుకు. యార్డుకు తీసుకెళ్లే రోజున బస్సు ఖర్చు స్కూలు గ్రాంటులో చూపించుకోవచ్చని ఒక ఉత్తర్వు కూడా ఇస్తే, నా జేబుకు కొంచెం ఊపిరి.

ఇట్లు,
ఒక సోషల్ టీచర్,
అనంతపురం జిల్లా